అవ్వ మీద బెంగ

పురుగులు నాలుగో జ్వరానికి పడిన రోజు ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. ముందు రోజు దాకా సన్నటి వాన పడుతున్నట్టు చప్పుడు చేస్తూ ఆకు తిన్న పట్టుపురుగులు తిండి మాని, తలలు పైకెత్తి, తట్టల్లో ఎక్కడివక్కడే నిలిచిపోతాయి. వాటిని తాకకూడదు, ఆకు వేయకూడదు. ఒక పగలూ ఒక రాత్రీ అట్లా ఉండి, పాత చర్మం విడిచి, మళ్ళీ ఆకు మీద పడతాయి. జంగమకోటెలో పురుగులు సాకే వాళ్ళందరూ దాన్ని జ్వరమనే అంటారు.

యశోదమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, తట్టల గూటి కాళ్ళ కింద పెట్టిన రాతి చిప్పల్లో పోస్తూ ఉంది. చిప్పల్లో నీళ్ళు ఎండిపోతే చీమలు పైకెక్కుతాయి. ఆమె కూతురు అలివేలు గోడకు ఆనుకుని కూర్చుని, అన్నిటికన్నా కింద ఉన్న తట్టను చూస్తూ ముందుకూ వెనక్కూ ఊగుతోంది. ఎనిమిదేళ్ళ పిల్ల. పొద్దున తల దువ్వినప్పటి నుంచీ అక్కడే ఉంది.

హనుమక్క తడిపిన గోనెపట్టా చేత్తో పట్టుకుని లోపలికి వచ్చింది. యశోదమ్మకు ఆమె అత్త మాత్రమే కాదు, తండ్రికి తోడబుట్టిన మేనత్త కూడా. ఎండకాలం గది చల్లగా ఉండటానికి ఆ గోనెపట్టాను రోజూ కిటికీకి కట్టేవాళ్ళు. ఆ రోజు ఎండ వాకిలి వైపు నుంచి కొడుతోందని హనుమక్క దాన్ని తీసుకుపోయి వాకిలికి కట్టింది.

అలివేలు ఊగడం ఆపింది. ఖాళీగా ఉన్న కిటికీ వైపు చూసింది. తర్వాత గొంతు చించుకుని అరవడం మొదలుపెట్టింది. అరుస్తూనే మణికట్టు కొరుక్కుంటోంది.

"అయ్యో, పురుగులు జ్వరంలో ఉండాయే! దాని నోరు ముయ్యే తల్లీ! ఏమైంది దీనికి? ఇప్పటిదాంకా బాగుండె కదా!" హనుమక్క రెండు చేతులూ తట్టల మీదికి చాపి నిలబడింది, అరుపును వాటి మీద పడకుండా ఆపుతున్నట్టు.

యశోదమ్మ పిల్ల దగ్గరికి పోలేదు. వాకిలి దగ్గరికి పోయి, "పట్టా ఎండిపోయినట్టుండాది అత్తా, మళ్ళీ తడుపుకొస్తా" అని దాన్ని విప్పింది. తొట్టిలో ముంచి పిండి, తిరిగి వచ్చేటప్పుడు ఏమీ ఎరగనట్టు దాన్ని కిటికీకి కట్టింది.  నీళ్ళు గోడ మీదుగా కారాయి. అలివేలు అరుపు తగ్గి, మూలుగై, ఆగిపోయింది. పిల్ల మళ్ళీ ఊగసాగింది.

"చూసినావా? ఎట్ల వచ్చెనో అట్లనే పాయె" అంది హనుమక్క, చీరకొంగుతో మెడ తుడుచుకుంటూ. "మనసు జ్వరానికి పడుండాది యశోదా. మన పురుగుల మాదిరే. తిండిమాని నిలబడినట్టు మాటమాని నిలబడుండాది. లేస్తాది. పెంచిన అవ్వ పాయె, పసిబిడ్డకి బెంగ ఉండదా?"

"ఊ" అంది యశోదమ్మ.

అలివేలు పుట్టింది మిట్టేమరిలో, యశోదమ్మ పుట్టింట్లో. పురుగుల ఇంట్లో చంటిబిడ్డ ఏడుపూ వాసనా పనికిరావని హనుమక్కే అనడంతో బిడ్డ అక్కడే, అవ్వ చెన్నమ్మ దగ్గరే ఉండిపోయింది. పాలు మాన్పించేదాకా యశోదమ్మ కూడా అక్కడే ఉండి, తర్వాత నెలకోసారి పోయి వచ్చేది. తండ్రి మునినారాయణ ఏడాదికి రెండుసార్లు పోయేవాడు. పోయినప్పుడల్లా పిల్ల నిద్రపోతూ ఉండేది, లేకపోతే అవ్వ ఒడిలో మొహం దాచుకుని ఉండేది. "సిగ్గు నాయనా దీనికి" అనేది చెన్నమ్మ. రెండు నెలల కిందట చెన్నమ్మ పోయింది. పిల్లను తెచ్చుకున్న రోజు సాయంత్రం హనుమక్క, "ముందు నుంచీ ఇట్లే ఉండాదా?" అని అడిగింది. యశోదమ్మ నోటికి వచ్చింది, "లేదత్తా. శానా మాట్లాడేది. పాటలు పాడేది" అని. ఆ ఒక్క మాట నిలబెట్టడానికి తర్వాత ఎన్ని చెప్పిందో ఆమెకే గుర్తులేదు.

ఆకు మోసుకుని మునినారాయణ వచ్చాడు. గది బయటే మోపు దించి, కాళ్ళు కడుక్కుని, గోడ గూట్లో పెట్టిన కవరును ఒకసారి తాకి చూసుకున్నాడు. ముందు రోజు, సోమవారం, అతనూ హనుమక్కా పిల్లను చింతామణిలో డాక్టరు పట్టాభిరామకు చూపించారు. ఆయన బెంగళూరులో మనసు జబ్బుల చదువు చదివి వచ్చినవాడని పేరు. అన్నీ విని, అక్కడి పెద్దాసుపత్రికి ఉత్తరం రాసిచ్చాడు. అయితే బెంగళూరు పోయేముందు గురువారం పిల్ల తల్లిని కూడా తీసుకుని రమ్మన్నాడు.

"తలకి కరెంటు పెడితే లేస్తాదంటనే" అన్నాడు మునినారాయణ, గొంతు తగ్గించి. "పది మార్లు పెడతారంట. శానామందికి మేలైందంట. నిన్న చూసినావా? నా దగ్గరకొచ్చి, 'నీళ్ళు తాగుతావా బంగారూ' అనె. నన్నే అడిగె! వద్దమ్మా, ఇప్పుడే తాగినా అంటి. అవ్వ ఎట్లంటాదో అచ్చం అట్లే. బాగవతాండాది బిడ్డ."

యశోదమ్మ చెంబు కింద పెట్టింది. అతని మొహంలోని సంతోషాన్ని చూడలేక చిప్పలో తేలుతున్న చీమను వేలితో తీసి పారేసింది.

"అవ్వ దగ్గర ఏం పాట పాడేదే ఇది?"

"ఏవో... జోలపాటలు."

"ఎట్ల? ఒకటి చెప్పు."

"అవన్నీ ఇప్పుడు యాడ గుర్తుంటాయి బావా."

అతను గడప మీద కూర్చుని, పిల్ల వైపు చూస్తూ తనకు తోచిన రాగమేదో సన్నగా తీశాడు. అలివేలు తట్టను చూస్తూనే ఉంది.

మరునాడు పురుగులు జ్వరం నుంచి లేచాయి. లేచిన పురుగులకు ఎంత ఆకు వేసినా చాలదు. యశోదమ్మ తెల్లవారగానే మల్బరీ తోటకు పోయింది. పక్కింటి సుబ్బలక్ష్మమ్మ తోడు వచ్చింది. ఇద్దరూ ఒకే సాలు పట్టి, కొమ్మను ఎడమచేత వంచి, కుడిచేత్తో కింది నుంచి పైకి ఆకు దూస్తూ పోతున్నారు.

"బెంగళూరుకి ఎప్పుడు పోయేది?" అంది సుబ్బలక్ష్మమ్మ.

"వచ్చే సోమవారమంట."

"ఏం భయపడొద్దు. మా అన్నకీ పెట్టిరి కదా. నేను తోడుపోయింటి. బల్ల మీద పండబెట్టి, నోట్లో గుడ్డ పెట్టి, నలుగురు పట్టుకుంటారు. ఈడా ఈడా పెడతారు." ఆమె ఆకు పసరు అంటిన వేళ్ళతో కణతలు చూపించింది. "ఒక్కసారిగా ఒళ్ళంతా విల్లు మాదిరి లేస్తాది. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాయి. నేను బయటికొచ్చేస్తి, చూడలేక. లేసినాక నా పేరు అడిగె, యెవరమ్మా నువ్వు అని. రెండు దినాలు అట్లే ఉండె."

యశోదమ్మ చేతిలో కొమ్మ జారి, పైకి లేచి మొహానికి తగిలింది.

"మేలాయె కదా, అక్కా?"

"ఆయె. అబద్ధమెందుకు చెప్పల్ల? మూడేండ్లు గోడకి మొగం పెట్టి పండుకున్నోడు లేసి మడక పట్టి దున్నె. ఇప్పుడు మళ్ళీ సంతలో నలుగుర్ని నగిస్తాండాడు. ముందు అట్లుండేటోడే గదా! ఆ మనిషే మళ్ళీ వచ్చె."

యశోదమ్మ నాలుగు కొమ్మలు దూసింది. ఒడి నిండింది. అయినా గంపలో పోయకుండా నిలబడింది.

"ముందు నుంచీ అట్లనే ఉండేటోళ్ళకి పెడితే?"

"యెట్ల?"

"పుట్టినప్పటి నుంచీ. వాళ్ళకి ముందు వేరే మనిషి లేనే లేదనుకో. కరెంటు పెడితే యెవరొస్తారు?"

సుబ్బలక్ష్మమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆమె వైపు చూసింది. "నాకేం తెలుసు తల్లీ, నేనేం డాక్టరునా? యెందుకడుగుతాండావు?"

"ఊరికే."

"ఊరికే అడిగే మొగమా అది?" అంది సుబ్బలక్ష్మమ్మ. యశోదమ్మ ఒడిలోని ఆకును గంపలో పోసేసరికి, వంగి మళ్ళీ ఆకు దూయసాగింది.

ఆ రోజంతా యశోదమ్మకు ఏ పని చేస్తున్నా పిల్ల కణతలే కనబడ్డాయి. స్నానం చేయించేటప్పుడు నుదుటి పక్కన నీళ్ళు పోస్తే, అక్కడ సన్నటి పచ్చనరం ఒకటి కొట్టుకుంటూ ఉంది. చెప్పేస్తే పిల్ల బతుకుతుంది. కానీ చెప్పాక తనూ పిల్లా ఎక్కడ బతకాలి? పుట్టుకతోనే ఇట్లాంటిదని తెలిసీ ఎనిమిదేళ్ళు దాచినదాన్ని అత్త ఇంట్లో ఉంచుతుందా? మిట్టేమరి ఇంటికి తాళం పడింది. ఇంకో బిడ్డ పుడితే అదీ ఇట్లాగే ఉంటుందని బావకు ఇంకో పెళ్ళి చేయరా? చెప్పకపోతే సోమవారం నలుగురు పట్టుకుంటారు. ఎవరైనా చెయ్యి పట్టుకుంటేనే ఓర్చుకోలేని పిల్లను నలుగురు పట్టుకుంటారు.

గురువారం పొద్దున హనుమక్క గొణుగుతూనే సాగనంపింది. "పురుగులు ఐదో తిండిలో ఉండగా ఇద్దరు మనుషులు ఊరు విడిచిపోతారా యెవరైనా? ఆ డాక్టరప్పకి ఇంకో దినం దొరకలేదా? యశోదా, ఆయన అడిగినదానికి సరిగ్గా చెప్పు. బిత్తరచూపులు చూస్తా నిలబడొద్దు."

చింతామణిలో డాక్టరు గది చిన్నది. ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకు గడియారం. అలివేలు లోపలికి రాగానే బల్ల మీదున్న సీసా మూత తీసుకుని నేల మీద కూర్చుని తిప్పసాగింది. మూత తిరిగి తిరిగి పడిపోతే మళ్ళీ తిప్పుతోంది. డాక్టరు పట్టాభిరామ ఆ మూతను తీసుకోలేదు. కాసేపు పిల్లనే చూశాడు.

తర్వాత సోమవారం రాసుకున్న కాగితం తీశాడు. "రెండు నెలల ముందు దాకా చురుకైన పిల్ల. పెంచిన అవ్వ చనిపోయింది. అప్పటి నుంచీ మాట తగ్గింది. కొన్ని రోజులు కారణం లేకుండా నవ్వుతుంది, కొన్ని రోజులు ఏడుపు, అరుపు. ఇంతే కదా మునినారాయణప్పా, మీరు చెప్పింది?"

"ఇంతే సామీ."

"పెద్దవాళ్ళలో ఇట్లా పొంగీ కుంగీ ఉండే మనసు జబ్బు ఉంది. వైద్యముంది. కానీ ఈ వయసు పిల్లల్లో చాలా అరుదు. అందుకే తల్లిని రమ్మన్నాను." ఆయన యశోదమ్మ వైపు తిరిగాడు. "కూర్చోమ్మా. పిల్ల నిద్రపోతుందా?"

"పోతాది సామీ. చీకటి పడతానే."

"తిండి?"

"తింటాది. ఒకే గిన్నెలో పెట్టల్ల."

"అవ్వ కావాలని ఏడ్చిందా? వెతికిందా?"

యశోదమ్మ నోరు తెరిచింది. శవం పక్కన కూర్చుని ఇత్తడి చెంబు మూతను తిప్పుతున్న పిల్ల ఆమె కళ్ళముందుకు వచ్చింది. "వెతకలేదు" అంది.

డాక్టరు తలెత్తాడు. "ఒక్కసారి కూడా?"

"లోపల లోపలే కుములుతాండాదేమో సామీ, చిన్నబిడ్డ" అన్నాడు మునినారాయణ.

"చంటిపిల్లగా ఉన్నప్పుడు సంగతి చెప్పమ్మా. ఎత్తుకోమని చేతులు చాచేదా? నీ మొహం చూసి నవ్వేదా? చందమామను వేలితో చూపించేదా?"

"అన్నీ చేసేది సామీ" అన్నాడు మునినారాయణ. "ఈమె చెప్పుండాది. ఏడాదికే మాటలొచ్చినాయంట."

"ఆమెను చెప్పనివ్వండి."

 మూత నేల మీద తిరుగుతోంది. యశోదమ్మ రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చేతి గాజులు కదలకుండా పట్టుకుంది.

డాక్టరు, మునినారాయణ వెంట తెచ్చిన ఉత్తరాన్ని బల్ల మీద ఆమె ముందుకు జరిపాడు. "చూడమ్మా. ఆ పెద్దాసుపత్రి వాళ్ళు పిల్లను ముందెప్పుడూ చూడలేదు. ఈ కాగితాన్ని చూసి వైద్యం చేస్తారు. ఇందులో ఉన్నదానికి నువ్వు సరేనంటే సోమవారం పోవచ్చు. ఒక్క ముక్క తప్పున్నా, అది పిల్ల తల మీద పడుతుంది."

"చాచలేదు" అంది యశోదమ్మ.

ఎవరికీ వినబడలేదేమోనని మళ్ళీ అంది. "చేతులు చాచలేదు సామీ. ఎప్పుడూ చాచలేదు. ఎత్తుకుంటే కట్టె మాదిరి బిర్రబిగిసేది. నా మొగం చూసేది కాదు. నా గాజులు చూసేది. పాలిస్తాంటే కూడా గాజులే. పిలిస్తే తిరిగేది కాదు, చెవుడేమో అనుకుంటిమి. చెంబు మీద మూత తిప్పితే మటుకు ఇంకో గదిలో నుంచి వచ్చేది."

"ఏం మాట్లాడతాండావే?" అన్నాడు మునినారాయణ.

ఆమె అతని వైపు చూడలేదు. చూస్తే ఆగిపోతానని తెలుసు. "అత్త అంటాది, పురుగుల మాదిరి జ్వరానికి పడింది, లేస్తాదని. జ్వరానికి పడే పురుగు ముందు దినం దాంకా ఆకు తినుంటాది కదా సామీ. ఇది ఎప్పుడూ వేరే తీరు లేదు. గుడ్డు పగిలిన దినం నుంచీ దీని జాతి ఇదే. ఏడిస్తే ఊరికే ఏడవదు, రోజూ ఉండేది ఉండేచోట లేకపోతే ఏడుస్తాది. మొన్న గోనెపట్టా కిటికీకి కట్టకుండా వాకిలికి కడితే అరిచె. నేను మళ్ళీ కిటికీకి కడితి. ఊరకాయె. అత్తకి చెప్పలేదు. యెవరికీ చెప్పలేదు."

"మాటలు ఎట్లా మాట్లాడుతుంది?"

"మనం అన్నదే అంటాది. మా అమ్మ దీనికి దప్పికైతుందని, 'నీళ్ళు తాగుతావా బంగారూ' అని అడుగుతా ఉండె. ఇప్పుడు దప్పికైతే ఇదే వచ్చి మనల్ని 'నీళ్ళు తాగుతావా బంగారూ' అంటాది."

మునినారాయణ కుర్చీలో నుంచి లేచాడు. ఎక్కడికీ పోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. "మొన్న సోమవారం నా దగ్గరకొచ్చి అడిగె" అన్నాడు, ఎవరితోనో తెలియనట్టు. "వద్దమ్మా అంటి. మళ్ళీ అడిగె. మళ్ళీ వద్దంటి."

డాక్టరు ఉత్తరాన్ని వెనక్కి తీసుకుని, మడిచి, సొరుగులో వేశాడు. 

"ఇట్లాంటి పిల్లల గురించి నేను పుస్తకాల్లో చదివాను" అన్నాడు. "ఆటిజం అంటారు. బెంగ కాదు. పొంగీ కుంగే జబ్బు కాదు. అవి నడుమలో వస్తాయి, పోతాయి. ఇది నడుమలో రాలేదు. కరెంటు దీనికి పనికిరాదు. సోమవారం మీరు ఎక్కడికీ పోవద్దు."

"మరి మందు?" అన్నాడు మునినారాయణ.

"మందు లేదప్పా."

"ఇంకెప్పుడు బాగైతాది?"

"మీరనుకున్నట్టు కాదు. ఒక్కొక్కటే నేర్పించాలి. ఓపికగా. ఏం మార్చితే అరుస్తుందో, ఏం చేస్తే ఊరుకుంటుందో ఈమెకు తెలుసు. నాకన్నా ఎక్కువ తెలుసు." తర్వాత యశోదమ్మతో అన్నాడు, "తల్లి ప్రేమ చూపించకపోతే ఇట్లా అవుతారని రాసినవాళ్ళు కూడా ఉన్నారు. ఎవరైనా ఆ మాటంటే నమ్మొద్దు. ప్రేమ లేనిదానికి గోనెపట్టా సంగతి తెలియదు."

ఆయన కూజాలో నుంచి గ్లాసుతో నీళ్ళు వంచి బల్ల అంచున పెట్టాడు. అలివేలు లేచి వచ్చి, ఎవరి వైపూ చూడకుండా, గ్లాసంతా తాగింది.

బస్‌స్టాండుకు పోయే దారిలో మునినారాయణ ముందు నడిచాడు. యశోదమ్మ పిల్ల జబ్బ పట్టుకోకుండా, కొంగు చివర పిల్ల చేతికిచ్చి వెనక నడిచింది. కరెంటు భయం ఒంట్లో నుంచి దిగిపోయిన చోటంతా ఇంకో భయం నిండుతోంది. అతని వీపులో ఏమీ తెలియడం లేదు. చొక్కా చెమటకు అంటుకుని ఉంది. రెండుసార్లు ఆగబోయి, ఆగకుండా నడిచాడు.

స్టాండులో బాగేపల్లి బస్సు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. "బాగేపల్లీ, మిట్టేమరోళ్ళు రండి, రండి!" అని కండక్టరు రేకు మీద చరుస్తున్నాడు. మునినారాయణ ఆ బస్సు ముందు ఆగాడు.

"పాటలు పాడింది యెవరు?" అన్నాడు, తిరగకుండా.

"అమ్మ."

"ఇది?"

"వినేది. పాట ఆగితే, అమ్మ నోటిమీద చెయ్యి పెట్టేది. మళ్ళీ పాడమని."

"చెయ్యి పెట్టేదా? ఇది నిజమా, ఇదీ..."

"నిజం బావా. అది నిజం."

అతను తల ఊపలేదు. కండక్టరు దగ్గరికి పోయి ఏదో అడిగాడు. కండక్టరు బస్సు అవతలికి చూపించి, చేతులు తిప్పుతూ చెప్పాడు. యశోదమ్మకు ఇంజను చప్పుడులో ఏమీ వినబడలేదు. తాళం పడిన ఇల్లు గుర్తొచ్చింది. తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? బావి తాడు ఉందో లేదో. పొయ్యిలోకి కట్టెలు ఎవరిని అడగాలి? పిల్లకు ఆ ఇల్లు తెలుసు, అక్కడ అరవదు. తను అక్కడ ఒక్కతే ఎట్లా ఉండాలో ఒక్కొక్కటే అనుకుంటూ నిలబడింది.  బస్సు కదిలింది. మునినారాయణ దుమ్ములో నుంచి వెనక్కి వచ్చాడు.

"మనూరికి పోయే శిడ్లఘట్ట బస్సు ఆ చివర నిలబెట్టుండారంట" అన్నాడు. "పా."

ఆమె కదలలేదు. "అత్తకి?"

"అమ్మకి నువ్వే చెప్పల్ల. నాకు నోరు రాదు." అతని గొంతులో కోపం ఉంది. అది తగ్గేది కాదని ఆమెకు తెలిసింది. రేపటికీ, ఎల్లుండికీ ఉంటుంది.

బస్సు మెట్ల దగ్గర ఆగాడు. పొద్దున వచ్చేటప్పుడు అతను డ్రైవరు వెనక మగవాళ్ళతో కూర్చున్నాడు. పిల్ల ఎట్లా వచ్చిందో చూడలేదు. ఇప్పుడు పిల్లను చూశాడు, తర్వాత ఖాళీ సీట్లను చూశాడు.

"కిటికీ పక్కన కూర్చుంటాదా, ఇవతల పక్కనా?" అన్నాడు. "యాడైతే దానికి కుదురు?"

ఆ ప్రశ్నకు జవాబు యశోదమ్మకు ఎనిమిదేళ్ళుగా తెలుసు. 

"ఇవతలే" అంది. "చెట్లు వెనక్కి పరిగెత్తేది చూస్తే బెదురుతాది."

మునినారాయణ ముందు ఎక్కాడు. మూడో వరసలో కిటికీ పక్కన కూర్చుని, భుజం మీది తువ్వాలు తీసి విప్పి, రెండు కొసలూ పట్టుకుని కిటికీకి అడ్డంగా చాపాడు. బస్సు ఇంకా కదలనే లేదు. చేతులు అట్లాగే ఎత్తి పట్టుకుని, వాళ్ళు ఎక్కి వచ్చేదాకా కూర్చున్నాడు.